ఇంపోర్ట్ ఎలా రాయాలి, ఏ పేరు బయటపెట్టాలి: పైథాన్, జావా, గో, జావాస్క్రిప్ట్ పోలిక

గుంటూరులో ఎవరైనా “నాలుగో లైన్‌లో మా ఇల్లు” అంటే వెంటనే వచ్చే ప్రశ్న “బ్రాడీపేటా, అరండల్‌పేటా?” అని. రైలు పట్టాలకు అటొకటి ఇటొకటి ఉన్న ఈ రెండు పేటల్లోనూ లైన్లకూ అడ్డరోడ్లకూ అంకెలే పేర్లు. పేట పేరు లేకుండా 4/7 అని చీటీ రాసిస్తే, పార్సిల్ తెచ్చే కుర్రాడు పట్టాలకు ఏ వైపు తేలతాడో వాడి అదృష్టం. ప్రోగ్రాముల్లో పేర్ల గొడవ కూడా ఇదే. ఒక ఫంక్షన్‌ను ఉత్త పేరుతో పిలవాలా, అది ఏ మాడ్యూల్‌దో (ఏ కోడ్ ఫైలుదో) ముందు తగిలించి పిలవాలా అన్నది ఒక ప్రశ్న. మాడ్యూల్‌లో ఉన్న పేర్లలో బయటివాళ్లకు ఏవి కనపడాలన్నది ఇంకో ప్రశ్న. మొదటిది ఇంపోర్ట్ (వేరే మాడ్యూల్‌లోంచి పేర్లు తెచ్చుకునే లైను) రాసేవాళ్లు తేల్చుకోవాలి, రెండోది మాడ్యూల్ రాసేవాళ్లు.

ఇది ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్ల కోసం. ఇక్కడే గుంటూరులోనో, విజయవాడ, గన్నవరం వైపో చిన్న కంపెనీలో చేరి, మొదటిసారి నలుగురితో కలిసి ఒకే కోడ్ మీద పని చేస్తున్నవాళ్ల కోసం కూడా. ఒక్కరే కూర్చుని రాసుకునే రెండొందల లైన్ల ప్రోగ్రాములో ఏ పద్ధతైనా నడిచిపోతుంది, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

నా పక్షం ముందే చెప్పేస్తాను. ఒక పేరు ఎక్కడినుంచి వచ్చిందో, వాడిన చోటో, కనీసం అదే ఫైలు పైభాగంలోనో చదివేవాడికి కనపడాలి. ఆ ఒక్క షరతు తప్పే పద్ధతి ఏదైనా సరే, టైపింగ్ ఎంత మిగిల్చినా నాకు వద్దు. ఇక దాచడం సంగతి: అన్నీ మూసి ఉంచి, అడిగినప్పుడు ఒక్కొక్కటి తెరవండి. తెరిచినదాన్ని మళ్లీ మూయడం కష్టం, అప్పటికే ఎవరో ఒకరు దాని మీద ఆధారపడి ఉంటారు. భాషను బట్టి ఈ సలహాల బరువు మారుతుంది కాబట్టే ఈ పోలిక.

పైథాన్‌లో నాలుగు దారులు

ఉదాహరణకి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు చిన్న ప్రోగ్రాము రాస్తున్నాం అనుకుందాం. రెండు మాడ్యూళ్లు. ‘కాటా’లో తూకం లెక్కలు, ‘పట్టీ’లో రైతుకు ఇవ్వాల్సిన డబ్బు లెక్కలు. కాటాలోంచి ‘తరుగు’ అనే ఫంక్షన్ కావాలంటే నాలుగు రకాలుగా తెచ్చుకోవచ్చు:

ఇంపోర్ట్ కాటా
ఇంపోర్ట్ కాటా యాజ్ కా
ఫ్రమ్ కాటా ఇంపోర్ట్ తరుగు
ఫ్రమ్ కాటా ఇంపోర్ట్ *

చదవడానికి వీలుగా ఇంపోర్ట్, ఫ్రమ్ లాంటి మాటల్ని తెలుగులో రాశాను, అసలు కోడ్‌లో అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. కాటా, తరుగు అన్న పేర్లను మాత్రం పైథాన్ 3 తెలుగులోనే ఒప్పుకుంటుంది. గో భాష దగ్గర ఈ ముచ్చట చెల్లదు, అది తర్వాత.

ముందు నాలుగో దారి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నష్టం అంతా అక్కడే. కాటా రాసింది ఒకరు. అందులో తరుగు అంటే టిక్కీకి (మిర్చి బస్తాకి) ఒక కిలో చొప్పున తీసే తూకం తగ్గింపు, కిలోల్లో. పట్టీ రాసింది వేరొకరు. వాళ్లు హమాలీ వగైరా ఖర్చులు టిక్కీకి 25 రూపాయల చొప్పున తీసేదాన్ని కూడా తరుగు అనే పిలిచారు, అది రూపాయల్లో. ఎవరి ఫైలులో వాళ్లది సరిగ్గానే ఉంది. మెయిన్ ఫైలు రాసే మూడో మనిషి పైన ఇలా పెట్టాడు:

ఫ్రమ్ కాటా ఇంపోర్ట్ *
ఫ్రమ్ పట్టీ ఇంపోర్ట్ *
నికర_బరువు = 1680 - తరుగు(40)

40 టిక్కీలు, మొత్తం 1680 కిలోలు. రావాల్సింది 1640. కానీ రెండో లైను వచ్చి మొదటి తరుగును తుడిచేసి తన తరుగును కూర్చోబెట్టింది. 40ని 25తో గుణిస్తే 1000. నికర బరువు 680 కిలోలు! అంకెలు నేను లెక్క సులువు కోసం వేసుకున్నవే గానీ, జరిగే తీరు మాత్రం అచ్చం ఇదే. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ప్రోగ్రాము హాయిగా నడిచి ప్రింటు కూడా ఇస్తుంది. పైన ఉన్న రెండు ఇంపోర్టులను అటూ ఇటూ మారిస్తే లెక్క దానంతట అదే సరైపోతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరో ఇంపోర్టులను అక్షర క్రమంలో సర్దిన రోజు మళ్లీ చెడిపోతుంది.

ఇవాళ రెండు మాడ్యూళ్లలో ఒకే పేరు లేకపోయినా ఊరట పడక్కర్లేదు. బయటి లైబ్రరీని స్టార్‌తో తెచ్చుకుంటే, ఆరు నెలల తర్వాత వాళ్లు కొత్త వెర్షన్‌లో ఒక కొత్త పేరు చేర్చవచ్చు. అది మీ ఫైలులో పైనుంచి వచ్చిన పేరును తొక్కేస్తుంది. మీరు ఒక్క అక్షరం మార్చకుండానే మీ ప్రోగ్రాము మారిపోయింది.

అందుకే పైథాన్ శైలి పత్రం పెప్ 8 కూడా స్టార్ ఇంపోర్ట్ మానుకోమనే చెప్తుంది. నేను ఒప్పుకునే చోట్లు రెండే. టెర్మినల్‌లో ఏదో ప్రయత్నించి చూస్తున్నప్పుడు, ప్యాకేజీ (మాడ్యూళ్లున్న ఫోల్డరు) లోపలి పేర్లను పైస్థాయికి తెచ్చి మళ్లీ బయటికి ఇస్తున్నప్పుడు. రెండో సందర్భంలో కూడా పేర్లు విడివిడిగా రాస్తేనే నాకు ఇష్టం.

ఇక మొదటి దారికీ మూడోదానికీ మధ్య ఎంపిక. ఇక్కడ చాలామంది చెప్పే కారణం ఒకటుంది: “ఫ్రమ్ వాడితే కావాల్సిన ఫంక్షన్ ఒక్కటే లోడ్ అవుతుంది, మెమరీ మిగులుతుంది” అని. వైవాల్లో కూడా ఈ సమాధానం వినపడుతుంది. ఇది తప్పు. ఏ దారిలో అడిగినా పైథాన్ మాడ్యూల్ ఫైలును మొత్తం పైనుంచి కిందికి నడిపిస్తుంది. నడిపించాక సిస్ మాడ్యూల్‌లో ‘మాడ్యూల్స్’ అనే పట్టికలో దాచుకుంటుంది. అదే ప్రోగ్రాములో పది ఫైళ్లు అదే మాడ్యూల్‌ను అడిగినా రెండోసారి నుంచి ఆ పట్టికలోంచే ఇస్తుంది, మళ్లీ నడపదు. తేడా అల్లా మీ ఫైలులో ఏ పేరు కట్టుకుంటుందన్నదే. మొదటి దారిలో ‘కాటా’ అన్న పేరు వస్తుంది, మూడోదానిలో ‘తరుగు’ అన్న పేరు.

అసలు తేడా విలువ మారినప్పుడు బయటపడుతుంది. ‘ధరలు’ అనే మాడ్యూల్‌లో నేటి_ధర అనే వేరియబుల్ ఉందనుకోండి. ప్రోగ్రాము మొదలైనప్పుడు క్వింటా 14,000. పదిన్నరకి తాజా ధర తెచ్చే ఫంక్షన్ నడిచి, ధరలు మాడ్యూల్ లోపల దాన్ని 14,600 చేసింది. ‘ధరలు.నేటి_ధర’ అని చుక్క పెట్టి చదివే ఫైలుకు 14,600 కనపడుతుంది. ‘ఫ్రమ్ ధరలు ఇంపోర్ట్ నేటి_ధర’ అని పొద్దున్నే తెచ్చుకున్న ఫైలుకు సాయంత్రం దాకా 14,000 మాత్రమే. ఎందుకంటే ఫ్రమ్ అన్నది ఆ క్షణంలో ఆ పేరు దేన్ని చూపిస్తోందో దాన్ని మీ ఫైలులో ఇంకో పేరుకు కట్టి ఊరుకుంటుంది. తర్వాత అసలు మాడ్యూల్‌లో ఆ పేరును వేరే విలువకు కట్టినా మీది కదలదు. నేటి_ధర అన్నది అంకె కాకుండా ఒక లిస్టో డిక్షనరీనో అయి, దాని లోపలి విలువను మార్చితే మాత్రం రెండు చోట్లా మార్పు కనపడుతుంది, ఎందుకంటే వస్తువు ఒక్కటే. ఈ రెంటినీ కలిపేసుకుని తలపట్టుకునేవాళ్లు చాలామంది.

కాబట్టి నేను పెట్టుకునే నియమం ఇది. మారని వాటికి, అంటే ఫంక్షన్లకూ క్లాసులకూ, ఫ్రమ్ బాగానే ఉంటుంది. నడుస్తుండగా మారే విలువలకు మాడ్యూల్ పేరూ చుక్కా తప్పనిసరి. ఉత్త పేరు చూస్తే అర్థం కానివాటికి కూడా చుక్కే మేలు. ‘లోడ్’, ‘ఓపెన్’, ‘రన్’ లాంటి పేర్లను ఫ్రమ్‌తో తెస్తే అది దేని లోడో ఎవరికి తెలుస్తుంది? ‘జేసన్.లోడ్’ అంటే తెలుస్తుంది. పైగా ‘ఓపెన్’ లాంటిది ఫ్రమ్‌తో తెస్తే పైథాన్ సొంత ఓపెన్ ఆ ఫైలులో మరుగున పడుతుంది.

యాజ్‌తో పెట్టే పొట్టి పేర్ల మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఒక్క షరతు. లెక్కల లైబ్రరీలైన నంపైకి ఎన్‌పీ, పాండాస్‌కి పీడీ అని ప్రపంచమంతా రాస్తుంది, అవి రాయండి. సొంత మాడ్యూళ్లకు ఒక ఫైలులో ‘కా’, ఇంకో ఫైలులో ‘కేటీ’ అని ఎవరికి తోచిన ముద్దుపేరు వాళ్లు పెట్టుకుంటే, ప్రాజెక్టు మొత్తంలో వెతికేటప్పుడు దొరకవు.

అదే స్టార్, వేరే భాషల్లో

పైథాన్ అలవాటుతో జావా వాళ్లను “స్టార్ పెట్టకండి” అని కోప్పడేవాళ్లను చూశాను. అక్కడ అంత భయం అక్కర్లేదు. జావాలో ఇంపోర్ట్ అన్నది దేన్నీ లోడ్ చేయదు, దేన్నీ నడపదు. పూర్తి పేరుకు బదులు పొట్టి పేరు రాసుకోవడానికి కంపైలర్‌కు ఇచ్చే అనుమతి, అంతే. ‘జావా.యుటిల్.*’ అని రాసినంత మాత్రాన క్లాస్ ఫైలు బరువెక్కదు, ప్రోగ్రాము నెమ్మదించదు. అసలు ఇంపోర్ట్ లేకుండా ప్రతిచోటా పూర్తి పేరు రాసినా నడుస్తుంది. ‘జావా.లాంగ్’ ప్యాకేజీ ఎలాగూ అడగకుండానే వస్తుంది కాబట్టి స్ట్రింగ్‌ను ఎవరూ ఇంపోర్ట్ చేయరు.

అన్నిటికంటే ముఖ్యమైన తేడా పేర్లు ఢీకొన్నప్పుడు. ‘జావా.యుటిల్.*’, ‘జావా.ఏడబ్ల్యూటీ.*’ రెండూ పెట్టి లిస్ట్ అని రాస్తే, రెండు చోట్లా లిస్ట్ ఉంది కాబట్టి కంపైలర్ అక్కడికక్కడే ఆపేసి “ఏ లిస్టో చెప్పు” అంటుంది. ‘జావా.యుటిల్.లిస్ట్’ అని విడిగా ఒక ఇంపోర్ట్ చేరిస్తే దానిదే పైచేయి. డేట్ విషయంలోనూ ఇదే గొడవ, యుటిల్‌లో ఒకటి, ఎస్‌క్యూఎల్‌లో ఒకటి. మన యార్డు లెక్క పైథాన్‌లో మౌనంగా తప్పింది, జావా అయితే కంపైల్ దశలోనే కేకేసేది. ఇంకో మాట, స్టార్ అంటే కింది ప్యాకేజీలు కూడా అనుకోకండి. ‘జావా.యుటిల్.*’లో ‘జావా.యుటిల్.స్ట్రీమ్’ రాదు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో మాడ్యూల్ మొత్తాన్ని ఒకే లైనులో ఇంపోర్ట్ చేసే వీలు కూడా ఇచ్చారు. నేర్చుకునేవాళ్లకూ చిన్న ప్రోగ్రాములకూ అది సుఖమే. పెద్ద కోడ్‌లో మాత్రం ఐడీఈ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) తనంతట రాసిపెట్టే విడివిడి ఇంపోర్టులు ఉండగా దాని అవసరం నాకు కనపడదు.

జావాస్క్రిప్ట్ 2015లో తెచ్చిన ఈఎస్ మాడ్యూళ్లలో ఈ సమస్యను మొదట్లోనే తుంచేశారు. అక్కడ స్టార్ పెట్టాలంటే యాజ్ అని ఒక పేరు ఇచ్చి తీరాలి. అంటే స్టార్ అన్నది నిజానికి పైథాన్ మొదటి దారే. ఇంకా మంచి సంగతి, మన నేటి_ధర కథ అక్కడ పుట్టదు. ఈఎస్ మాడ్యూళ్లలో ఇంపోర్ట్ చేసుకున్న పేరు అసలు వేరియబుల్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది. అక్కడ 14,600 అయితే ఇక్కడా 14,600. తెచ్చుకున్నవాళ్లు దాన్ని మార్చబోతే మాత్రం ఎర్రర్. పాత రిక్వయర్ పద్ధతిలో పేరును విడదీసి పట్టుకుంటే పైథాన్ ఫ్రమ్ లాగే ఆ క్షణపు విలువే ఉంటుంది. పాత నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే సాధనం) కోడ్‌ను కొత్త పద్ధతికి మార్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

జావాస్క్రిప్ట్‌లో నాకు నచ్చనిది డిఫాల్ట్ ఎక్స్‌పోర్ట్. దాన్ని తెచ్చుకునేవాళ్లు ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. ఒక ఫైలులో ‘బిల్లు’, ఇంకోదానిలో ‘పట్టీబిల్లు’, మూడోదానిలో అక్షరదోషంతో ‘బిలు’, మూడూ ఒకటే, మూడూ నడుస్తాయి. పేరుతో ఎక్స్‌పోర్ట్ చేస్తే తప్పు పేరు రాసిన వెంటనే తెలుస్తుంది. రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ) కాంపొనెంట్ ఫైళ్లలో డిఫాల్ట్ అలవాటు బాగా పాతుకుపోయింది, అక్కడ టీమ్ ఎలా రాస్తే అలా రాయండి, యుద్ధాలు చేయకండి. సొంతంగా మొదలుపెట్టే చోట పేరుతోనే ఇవ్వండి.

పైథాన్‌లో తప్పని నేను కొట్టిపారేసిన ‘తక్కువ తెచ్చుకుంటే బరువు తగ్గుతుంది’ అన్న మాట బ్రౌజర్ కోసం కట్టే జావాస్క్రిప్ట్‌లో మాత్రం నిజమవ్వచ్చు. ఈఎస్ ఇంపోర్టులు నడపకముందే చదివి అర్థం చేసుకునేలా ఉంటాయి కాబట్టి, ఫైళ్లన్నీ కలిపి మూటకట్టే బండ్లర్, ఎవరూ వాడని ఎక్స్‌పోర్టులను తీసేసి ఫైలును చిన్నది చేయగలదు.

సీ, సీ ప్లస్ ప్లస్‌లో ఇంక్లూడ్ అన్నది ఇంపోర్టే కాదు, హెడర్ ఫైలులోని అక్షరాలన్నీ తెచ్చి మీ ఫైలులో అతికించడం. అందుకే ఒకే హెడర్ రెండుసార్లు రాకుండా గార్డులు రాసుకోవాలి. కోడింగ్ పోటీలకు తయారయ్యేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. రెండు బిందువుల లెక్కలో గ్లోబల్‌గా ఎక్స్1, వై1 అని ఇంగ్లీషు అక్షరాల్లో ప్రకటిస్తారు. ఎక్స్1 ఓకే, వై1 దగ్గర జీసీసీ కంపైలర్ తిడుతుంది. కారణం, మ్యాథ్ హెడర్‌లో వై1 అనే పేరుతో బెసెల్ ఫంక్షన్ ఒకటి ముందే ఉంది. ‘యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ’ (ఎస్‌టీడీలోని పేర్లన్నీ ఉత్తగా వాడుకోవడానికి రాసే లైను) తీసేసినా పోదు, అది గ్లోబల్‌గానే ఉంది కాబట్టి. ఆ వేరియబుల్‌ను మెయిన్ లోపలికి జరిపితే సరిపోతుంది. ‘యూజింగ్ నేమ్‌స్పేస్’ సంగతికొస్తే, పోటీల్లో వాడుకోండి, హెడర్ ఫైలులో మాత్రం ఎప్పుడూ రాయకండి. ఆ హెడర్‌ను ఇంక్లూడ్ చేసిన ప్రతి ఫైలుకూ మీ ఇష్టం అంటుకుంటుంది, తీసేసుకునే దారి వాళ్లకు ఉండదు.

దాచడం: ఎవరి తాళం ఎంత గట్టిది

పైథాన్‌లో తాళం లేదు, మర్యాద ఉంది. పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడితే “ఇది లోపలి వ్యవహారం, ముట్టుకోకండి” అని అర్థం. స్టార్ ఇంపోర్ట్ అలాంటి పేర్లను వదిలేస్తుంది, కానీ పేరు పెట్టి అడిగితే ఎవరికైనా దొరుకుతుంది. అటు రెండు, ఇటు రెండు అండర్‌స్కోర్ల మధ్య ‘ఆల్’ అని రాసే జాబితా కూడా అంతే, స్టార్ పెడితే ఏవి వెళ్లాలో చెప్తుంది గానీ మిగతావాటికి అడ్డు నిలవదు. క్లాసు లోపల పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే ప్రైవేటు అయిపోతుందని పుస్తకాల్లో రాస్తుంటారు. నిజానికి ఆ పేరు ముందు క్లాసు పేరు చేర్చి కొంచెం మారుస్తుంది, అంతే. పిల్ల క్లాసులో అదే పేరు పడి ఢీకొనకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు అది. తెలిసినవాడు మారిన పేరుతో నేరుగా తీసుకోగలడు.

ఇది లోపమా? నలుగురైదుగురి టీమ్‌కు కాదు. రివ్యూలో అండర్‌స్కోర్ ఉన్న పేరును వేరే మాడ్యూల్ వాడుతోందని కనపడితే అక్కడ ఆపితే చాలు. ముప్పై మంది, మూడు ఊళ్లు అయినప్పుడు మర్యాద చాలదు, కంపైలర్ కాపలా కాయాలి.

జావాలో కాపలా ఉంది గానీ జనం దాన్ని వాడరు. ల్యాబ్ రికార్డుల్లో ప్రతి క్లాసుకూ ప్రతి మెథడ్‌కూ ముందు పబ్లిక్ అని చేతి అలవాటుగా పడిపోతుంది. ఏమీ రాయకపోతే ఏమవుతుందో తెలుసా? ఆ పేరు అదే ప్యాకేజీలోని వాళ్లకు మాత్రమే కనపడుతుంది. చాలా సహాయక క్లాసులకు కావాల్సింది సరిగ్గా అదే. ప్రొటెక్టెడ్ అంటే పిల్ల క్లాసులకు మాత్రమే అనుకుంటారు, కానీ అదే ప్యాకేజీలో ఉన్న ఎవరికైనా అది కనపడుతుంది. అంటే ఏమీ రాయకపోవడం కంటే ప్రొటెక్టెడ్ ఎక్కువ తెరిచినట్టే. ఇంటర్వ్యూల్లో ఇది బాగా అడుగుతారు.

2017 సెప్టెంబరులో జావా 9తో మాడ్యూళ్లు వచ్చాయి. మాడ్యూల్‌కు ఒక చిన్న వివరాల ఫైలు, అందులో ఏది కావాలో రిక్వయర్స్ అని, ఏ ప్యాకేజీని బయటికి ఇస్తున్నామో ఎక్స్‌పోర్ట్స్ అని రాస్తారు. ఎక్స్‌పోర్ట్ చేయని ప్యాకేజీలో క్లాసు పబ్లిక్ అయినా సరే బయటి మాడ్యూల్‌కు అందదు. లైబ్రరీ రాసి పదిమందికి ఇచ్చేవాళ్లకు ఇది మంచి ఆయుధం. కాలేజీ ప్రాజెక్టుకు మాత్రం వద్దు, పాత లైబ్రరీలతో కుస్తీ పట్టడానికే సెమిస్టర్ సరిపోతుంది.

గో భాష పద్ధతి అన్నిటికంటే క్లుప్తం. పేరు పెద్ద అక్షరంతో మొదలైతే ప్యాకేజీ బయటికి కనపడుతుంది, చిన్న అక్షరంతో అయితే లేదు. వాడిన ప్రతిచోటా పేరు చూడగానే తెలిసిపోతుంది, వేరే మాటే రాయనక్కర్లేదు. ఇంటర్నల్ అనే ఫోల్డరులో పెట్టిన ప్యాకేజీలను, ఆ ఫోల్డరు ఉన్న చెట్టు బయటివాళ్లు ఇంపోర్ట్ చేయబోతే గో ఒప్పుకోదు. ఇంపోర్ట్ చేసి వాడకపోయినా కంపైల్ కాదు. మొదట్లో చిరాకేస్తుంది గానీ ఏడాది తిరిగేసరికి ఫైళ్లు శుభ్రంగా ఉంటాయి.

ఇక ముందు వాయిదా వేసిన తెలుగు ముచ్చట. మన లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు కదా, గో దృష్టిలో తెలుగు అక్షరంతో మొదలయ్యే పేరు ఎప్పటికీ బయటికి వెళ్లలేదు. అంతకంటే విడ్డూరం, ‘ధర’ అన్న పేరును గో ఒప్పుకుంటుంది గానీ ‘కాటా’ను ఒప్పుకోదు. గుణింతపు గుర్తులను యూనికోడ్ విడి చిహ్నాలుగా లెక్కిస్తుంది, గో మాత్రం పేర్లలో అక్షరాలనూ అంకెలనూ అండర్‌స్కోర్‌నూ తప్ప వేటినీ రానివ్వదు.

రస్ట్‌లో అన్నీ మూసే ఉంటాయి. పబ్ అని రాస్తేనే తెరుచుకుంటుంది. మధ్యస్థంగా, మన క్రేట్ (రస్ట్‌లో కలిపి కంపైల్ అయ్యే కోడ్ మొత్తం) లోపల అంతటా కనపడాలి, బయటికి వద్దు అనుకుంటే దానికీ ఒక రూపం ఉంది. స్ట్రక్ట్‌ను పబ్ చేసినా లోపలి ఫీల్డులను విడిగా పబ్ చేయాలి. నేను పైన చెప్పిన ‘మూసి ఉంచి తెరవండి’ అన్న సలహాను భాషే అమలు చేస్తుంది. సీ భాషలో తలకిందులు: ఫంక్షన్ రాస్తే అది లింకర్‌కు (కంపైలైన ఫైళ్లను కలిపేదానికి) కనపడుతుంది, స్టాటిక్ అని ముందు రాస్తేనే ఆ ఫైలుకు పరిమితం. రెండు ఫైళ్లలో ఒకే పేరుతో సహాయక ఫంక్షన్లు రాసి ‘మల్టిపుల్ డెఫినిషన్’ అన్న ఎర్రర్ చూసినవాళ్లకు మందు ఆ ఒక్క మాటే.

మీ పరిస్థితికి ఏది

యార్డు లెక్కల్లాంటి చిన్న పైథాన్ ప్రోగ్రాము, రాసేది ఇద్దరు ముగ్గురు: ‘ఇంపోర్ట్ కాటా’ అని మొత్తంగా తెచ్చుకోండి, చుక్క పెట్టి పిలవండి. బయటికి వద్దనుకున్నవాటికి అండర్‌స్కోర్. అంతకుమించి ఏమీ కట్టొద్దు.

ఫైళ్లు పదిహేను ఇరవై దాటి, ప్యాకేజీ అయినప్పుడు, ప్యాకేజీ ఇనిట్ ఫైలులో బయటివాళ్లకు కావాల్సిన నాలుగైదు పేర్లనే తెచ్చిపెట్టండి. వాడేవాళ్లు లోపలి ఫైళ్ల దాకా వెళ్లకుండా ప్యాకేజీ పేరుతోనే అడుగుతారు, రేపు మీరు లోపలి ఫైళ్లను ఎలా విడగొట్టినా వాళ్ల కోడ్ చెడదు. జావాస్క్రిప్ట్‌లో ఇదే పనిని ఇండెక్స్ ఫైలుతో చేస్తారు, కానీ అక్కడ ఒక జాగ్రత్త: ప్రతి ఫోల్డరుకూ ఇండెక్స్ పెట్టుకుంటూ పోతే, ఒక్క పేరు కోసం వందల ఫైళ్లు లోడయ్యే పరిస్థితి వస్తుంది. ప్యాకేజీకి ఒకటి చాలు. నోడ్ ప్యాకేజీ అయితే ‘ప్యాకేజీ.జేసన్’ అనే ఫైలులో ఎక్స్‌పోర్ట్స్ అనే భాగం రాయండి. అది ఉంటే అందులో లేని దారుల్లో, ప్యాకేజీ పేరు పెట్టి లోపలి ఫైళ్లను ఎవరూ తెచ్చుకోలేరు. పైథాన్ ఇవ్వని తాళం అది.

భాషను ఇంకా ఎంచుకోని కొత్త ప్రాజెక్టు, మనుషులు మారుతూ ఉండే టీమ్ అయితే, ఈ ఒక్క కోణంలో నా ఓటు గో భాషకే. నియమాలు తక్కువ, మర్చిపోవడానికి వీల్లేదు. సర్వీసు కంపెనీల జావా కోడ్‌లోకి వెళ్తున్నవాళ్లు పబ్లిక్ అన్న మాటను అవసరమైతే తప్ప రాయకుండా ఉండటం ఇవాళే అలవాటు చేసుకోండి.

ఫైలు పేరు విషయంలో ఒక హెచ్చరిక పైథాన్ వాళ్లకు. ల్యాబ్‌లో యాదృచ్ఛిక సంఖ్యల ప్రోగ్రాము రాసి ఫైలుకు ‘రాండమ్’ అనే పేరు పెడతారు. స్క్రిప్టు ఉన్న ఫోల్డరునే పైథాన్ ముందు వెతుకుతుంది కాబట్టి అసలు రాండమ్‌కు బదులు మీ ఫైలునే మీకు తెచ్చిస్తుంది, ‘ర్యాండింట్ లేదు’ అంటుంది. ఈమెయిల్, స్ట్రింగ్ లాంటి పేర్లకూ ఇదే గతి. 3.13 నుంచి పైథాన్ ఎర్రర్‌లోనే “ఫైలు పేరు మార్చి చూడండి” అని సూచన ఇస్తోంది, పాత వెర్షన్లలో మనమే గ్రహించాలి.

చివరిగా, ఏ ఎంపిక చేసుకున్నా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పట్టీకి ధరలు కావాలి, ధరలకు పట్టీలోని ఒక స్థిరాంకం కావాలి, రెండూ ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటాయి. గో అయితే కంపైల్ చేయనే చేయదు. జావాలో క్లాసులు ఒకదాన్నొకటి వాడుకుంటే ఇబ్బంది లేదు. పైథాన్‌లో సగం నడిచిన మాడ్యూల్ చేతికొస్తుంది, అందులో మీరడిగిన పేరు ఇంకా పుట్టి ఉండదు. 3.8 నుంచి ఎర్రర్‌లోనే ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్’, ‘సర్క్యులర్ ఇంపోర్ట్’ అన్న మాటలు కనపడతాయి కాబట్టి గుర్తుపట్టడం తేలికైంది. ఇంపోర్ట్‌ను ఫంక్షన్ లోపలికి జరిపితే ఆ పూటకు నడుస్తుంది, రేపు డెమో ఉంటే అలాగే చేయండి. తీరిక దొరికాక టిక్కీ రేట్లు, తరుగు కిలోల లాంటి స్థిరాంకాలను ‘నిబంధనలు’ అని మూడో ఫైలులోకి తీసేయండి. అది ఎవరినీ ఇంపోర్ట్ చేయదు, మిగతా రెండూ దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటాయి. అప్పుడు పట్టీ, ధరలు రెండిట్లో ఒకదానికి రెండోదాని అవసరమే ఉండకపోవచ్చు.